గ్రే వచ్చాక పాత పిట్టల బరువు తగ్గింది

ఆఫ్రికన్ గ్రే చిలుకను ఇంటికి తెచ్చింది 2025 జనవరి 12, ఆదివారం. అప్పటికే మా హాల్లో రెండు కాకటీల్స్ (తల మీద జుట్టుండే చిన్న చిలుకలు), నాలుగు బడ్జీలు ఉన్నాయి. బడ్జీలంటే హైదరాబాద్‌లో అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే పిట్టలే. అసలు లవ్ బర్డ్స్ వేరే జాతి, వాటికి తిక్క ఎక్కువ. ఈ ఏడూ ఒక ఇంట్లో గొడవ లేకుండా సర్దుకోవడానికి మే నెల సగం దాకా పట్టింది. నెలన్నరలో అయిపోతుందని రాసుకున్న కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. గ్రే తెచ్చుకోబోయేవాళ్లు దాన్ని ఎలా మచ్చిక చేసుకోవాలా అనే ఆలోచిస్తారు. మాకు అది పెద్ద కష్టం కాలేదు. చిక్కులన్నీ పాత పిట్టల వైపు నుంచే వచ్చాయి.

డబ్బు కట్టేముందు కాగితాల సంగతి. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో, కట్టడి అన్నిటికన్నా ఎక్కువున్న మొదటి అనుబంధంలో ఉన్న పక్షి గ్రే. 2016లో జొహన్నెస్‌బర్గ్ సమావేశంలో నిర్ణయించారు, 2017 జనవరి నుంచి అమలు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, దాని కింద 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇలాంటి పక్షి చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో నమోదుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు 1,000 రూపాయలు. అమ్మినవాళ్ల దగ్గర కూడా నమోదు ఉండాలి, పిట్ట చేతులు మారినట్టు వాళ్ల వైపు నుంచీ కాగితం రావాలి. మొదట చూసిన చోట పిట్ట కాలికి రింగే లేదు. "కాగితాలేం అక్కర్లేదు మేడం, ఎవరూ అడగరు" అన్నారు. తిరిగి వచ్చేశాం. రెండో చోట అతుకు లేని రింగు, దాని మీద నంబరు, అదే నంబరు రసీదు మీదా ఉన్నాయి. అతుకు లేని రింగు పిల్లకు వారాల వయసులోనే ఎక్కుతుంది, ఎదిగిన కాలికి పట్టదు. అందుకే అది కూన పుట్టిన చోటుకు సాక్ష్యం. మన రామచిలుకను ఇంట్లో పెంచడం ఎలాగూ నేరమే, దానికి ఏ కాగితమూ కుదరదు.

వయసు ఐదు నెలలన్నారు. కళ్లు చూస్తే సరిపోతుంది. కూనకు కంటిపాప చుట్టూ ముదురు బూడిద రంగు, ఏడాది దాటేకొద్దీ తేలిపోతూ పసుపులోకి తిరుగుతుంది. దానిది ముదురుగానే ఉంది. అసలు చూడాల్సింది తనంతట తాను తింటుందా అన్నది. అక్కడే గంటసేపు కూర్చున్నాం. గింజ తీసుకుని, ఒలిచి, మింగింది, రెండుసార్లు నీళ్లు తాగింది. సిరంజితో తాగే కూనను తక్కువకిస్తాం, మీకే బాగా అలవాటవుతుంది అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వేడి తేడాగా ఉన్న ముద్ద పోసి మేతసంచి కాల్చేసిన కేసులు డాక్టర్ల దగ్గర బోలెడు. ఒప్పుకోకండి. పిట్టకు 52,000 ఇచ్చాం.

పంజరం 36 అంగుళాల వెడల్పు, 24 లోతు, 48 ఎత్తు, కమ్మీల మధ్య ముప్పావు అంగుళం, పౌడర్ కోటింగ్ వేసింది. 15,500 అయింది. వెల్డింగ్ షాపులో జీఐ మెష్‌తో నాలుగు వేలకే కట్టిస్తామన్నారు. గ్రే రోజంతా కమ్మీలు కొరుకుతుంది, మెష్ మీది జింకు పూత కడుపులోకి పోతే విషం. లోపల కొన్న కర్రలు తీసేసి జామ కొమ్మలు పెట్టాను, ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకే లావు కర్ర మీద నిలబడితే అరికాళ్లకు పుండ్లు పడతాయి.

వంటింట్లో నాన్‌స్టిక్ దోసె పెనం తీసేసి ఇనప పెనం తెచ్చాం. పూత మాడితే వచ్చే పొగ మనకు తెలియకుండానే పిట్టను నిమిషాల్లో చంపేస్తుంది. ఇది కాకటీల్స్ వచ్చినప్పుడే చేసి ఉండాల్సింది, అదృష్టం బాగుండి గడిచిపోయింది. మస్కిటో కాయిల్ మానేశాం. అత్తమ్మ మాత్రం "శుక్రవారం సాంబ్రాణి కూడా వద్దంటే ఎలాగే?" అంది. బాల్కనీలో వేసి, హాలు తలుపు అరగంట మూసి ఉంచేలా రాజీ కుదిరింది.

ఇక విడిగా ఉంచడం. నలభై ఐదు రోజులు, ఇంటి రెండో చివర, అటాచ్డ్ బాత్రూం ఉన్న బెడ్‌రూంలో. తలుపు కింది సందుకు తువ్వాలు కుక్కాం, ఎందుకంటే గ్రే ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది, రోగం ఉంటే ఆ పొడితోనే ఇల్లంతా పాకుతుంది. గిన్నెలు, గుడ్డ, చీపురు, చెప్పులు, అన్నీ ఆ గదికి వేరు. పొద్దున ముందు పాత పిట్టలకు మేత, నీళ్లు. ఆ తర్వాత గ్రే గదిలోకి పోయి, వచ్చాక చొక్కా మార్చి, మోచేతుల దాకా సబ్బుతో కడిగి, సాయంత్రం దాకా హాలు పంజరాలు ముట్టుకోకూడదు. మొదటి వారం ఇది నాలుగుసార్లు తప్పింది. ఎప్పుడూ ఒకే చోట: గ్రే గదిలో ఉన్నప్పుడు కాలింగ్ బెల్ మోగడం. తలుపు తీసి, కూరగాయలు తీసుకుని, దారిలో కాకటీల్‌ని పలకరించేస్తాం. చివరికి ఆ గది తలుపు లోపలి వైపు హ్యాండిల్‌కు పాత చొక్కా ఒకటి వేలాడదీశాను. లోపలికి పోగానే అది తొడుక్కోవడం, వచ్చేటప్పుడు విప్పడం. అప్పటి నుంచి తప్పలేదు.

రెండో రోజు భోగి, మూడో రోజు సంక్రాంతి. గ్రే పంజరం కిటికీ పక్కన పెట్టడం నా తెలివితక్కువ పని. బయట గాలిపటాలు. ఆకాశంలో రెక్కల్లాంటిది ఊగితే గద్దే దానికి. కుక్కపిల్ల గుర్రుమన్నట్టు గొంతు పెట్టింది. గ్రేలు భయపడితే అలాగే గుర్రుమంటాయి, కోపం అనుకోవద్దు. ఆ తర్వాత కమ్మీలకు కొట్టుకుంటూ కింది ట్రేలో పడింది, రెక్క ఈక ఒకటి విరిగింది, రక్తం రాలేదు. కర్టెన్ వేసి, పంజరాన్ని మూల గోడకు ఆనించి, మూడు వైపులా దుప్పటి కప్పాను. సాయంత్రానికి తిన్నది. వచ్చిన రోజు 418 గ్రాములు, నాలుగో రోజు 398. పదో రోజుకు 412. కొత్తచోట నాలుగైదు శాతం తగ్గడం మామూలే, పది శాతం తగ్గితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. బరువుకు గ్రాము తేడా చూపించే కిచెన్ స్కేల్ చాలు, 450 రూపాయలు. దాని మీద చిన్న కర్ర బిగించి రోజూ మేతకు ముందు తూచాలి. మొదటి మూడు రాత్రులు తల ఊపుతూ కూనలా అడుక్కుంది. తినడం వచ్చిన పిల్ల కూడా బెదిరితే కొన్నాళ్లు వెనక్కి పోతుంది. ఉడికించిన చిలగడదుంప గోరువెచ్చగా వేలితో పెట్టాను, వారానికి ఆ అలవాటు పోయింది. మొదటి రెండు వారాలూ మేత మార్చలేదు. అమ్మినచోట ఇచ్చిన పొద్దుతిరుగుడు గింజలే. ఆ తర్వాతే పెల్లెట్లు (గుళికల మేత), మునగాకు, క్యారెట్, క్యాప్సికం. పచ్చిమిర్చి హాయిగా తింటుంది, పిట్టలకు కారం తెలియదు.

పరీక్షలు. క్లమీడియా అనే బ్యాక్టీరియా రెట్టలో రోజూ బయటికి రాదు, అందుకని జనవరి 13 నుంచి 17 వరకు ఐదు రోజుల రెట్ట కొంచెం కొంచెం తీసి ఫ్రిజ్‌లో విడి డబ్బాలో పెట్టమన్నారు. మా ఆయన పెరుగు కోసం వెతుకుతూ ఆ డబ్బా మూత తీయడం వేరే కథ. ముక్కు, ఈకలు పాడుచేసే పిబిఎఫ్‌డి, ఇంకా పాలియోమా, ఈ రెండు వైరస్‌ల కోసం 17న రక్తం చుక్క, ఈకలు. మూడింటికీ కలిపి 3,900, డాక్టర్ ఫీజు 600. ఫలితం 27న వచ్చింది, మూడూ నెగటివ్.

రక్తం తీసిన రోజే డాక్టర్ ఒక మాట అడిగారు: "మీ పాతవాటిని ఎప్పుడైనా చూపించారా మేడం?" లేదు. రెండేళ్లుగా ఉన్నాయి, చక్కగా తింటున్నాయి, ఎందుకు చూపిస్తాం? వాటి తాజా రెట్ట కూడా తీసుకుపోయాం. మైక్రోస్కోప్ కింద ఒక బడ్జీ రెట్టలో పొడుగాటి కడ్డీల్లాంటి ఈస్ట్ కనిపించింది, కడుపులో చేరే రకం, బడ్జీలకు బాగా వస్తుంది. గింజ తింటుంది, అరగదు, రెట్టలో గింజలు అలాగే పడతాయి. కొర్రలు రెట్టలో కనిపించడం నేను చూశాను కూడా, మేత గిన్నెలోంచి రాలాయనుకున్నా. ఆ పిట్టను పట్టుకుని డాక్టర్ నా వేలు దాని రొమ్ము మీద పెట్టించారు. ఎముక కత్తి అంచులా తగిలింది. పైకి మాత్రం ఈకలతో బొద్దుగా ఉంది. మిగతా మూడూ 37, 38 గ్రాములు, అది 31. రోజూ దాని పక్కనే కూర్చుని నేను టీ తాగేదాన్ని. ఒకే నీళ్ల గిన్నె కాబట్టి నాలుగింటికీ మందు, నాలుగు వారాలు, 2,600 రూపాయలు. కాకటీల్స్‌కూ అంటే అవకాశం ఉంది కాబట్టి వాటి గిన్నెలు వేరు చేశాం. ఫిబ్రవరి 20న మళ్లీ చూస్తే ఏమీ లేదు. కొత్త పిట్ట కోసం కట్టిన గోడ పాత పిట్టల నుంచి కొత్తదాన్ని కాపాడింది.

ఫిబ్రవరి 26, శివరాత్రి రోజు, గ్రే పంజరం హాల్లోకి వచ్చింది. గోడకు ఆనించి, కాకటీల్స్‌కు పది అడుగుల దూరంలో. అప్పటికి ఆరు వారాలుగా ఒకదాని గొంతు ఒకటి తలుపు అవతల నుంచి వింటూనే ఉన్నాయి కాబట్టి తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. గొంతు వేరు, ఆకారం వేరు. కాకటీల్స్ రెండూ ఈకలు ఒంటికి అదుముకుని సన్నగా కర్రల్లా అయిపోయాయి, జుట్టు నిటారుగా లేచింది, మగది బుస కొట్టింది. బడ్జీలు నోరు మూసుకున్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి: పొద్దున్నుంచి రాత్రి దాకా కిచకిచలాడే బడ్జీలు ఊరుకున్నాయంటే ప్రశాంతంగా ఉన్నట్టు కాదు, దాక్కున్నట్టు. మూడు గంటల తర్వాత ఒకటి మాట్లాడింది. గ్రే మాత్రం ఇవేవీ పట్టనట్టు ఒక కాలు మీద నిలబడి ముక్కు నూరుకుంటూ ఉంది. దాన్ని చూసి అంతా బాగుందనుకున్నాం.

స్కేల్ అలా అనలేదు. మగ కాకటీల్ ఫిబ్రవరి 26న 96 గ్రాములు, మార్చి 4న 88. ఆరు రోజుల్లో ఎనిమిది శాతం పైనే. మేత గిన్నె గ్రే కనిపించే వైపు ఉంది, అది కిందికి దిగి గిన్నెలో తల పెట్టడం లేదు. తల దించితే గ్రే మీద చూపు పోతుంది కదా. ఆడది 92 నుంచి 89, దాని గిన్నె వెనక వైపు. గిన్నెలు రెండూ పై కర్ర పక్కకు మార్చాం, గ్రే పంజరాన్ని పద్నాలుగు అడుగులకు జరిపి, కాకటీల్స్ వైపు సగం గుడ్డ కట్టాం. గుడ్డను రెండు రోజులకొకసారి నాలుగు వేళ్ల వెడల్పు పక్కకు లాగుతూ పోయాను. పది రోజులకు 94. అప్పుడు మళ్లీ వారానికి ఒక అడుగు చొప్పున దగ్గరికి. ఆరడుగుల దగ్గర ఆపేశాం, ఇప్పటికీ అంతే. అంతకన్నా దగ్గరైతే ఏం లాభమో నాకు అర్థం కాలేదు.

నడుమ ఒక రాత్రి, మార్చి 9, రెండు గంటలకు గ్రే బొమ్మ గంట మోగించింది. కాకటీల్స్‌కు చీకట్లో ఉలిక్కిపడి కమ్మీలకు కొట్టుకునే రోగం ఉంది. లైటు వేసేసరికి ట్రే నిండా ఈకలు. తర్వాతి రాత్రి నుంచి చిన్న బెడ్ ల్యాంప్ వెలుగుతుంది, గంట బొమ్మ తొమ్మిదింటికి బయటికి వచ్చేస్తుంది.

పొడి సంగతి కూడా చెప్పాలి. కాకటీల్స్‌కూ పొడి ఉంటుంది, గ్రే కలిసేసరికి టీవీ మీద రోజూ వేలితో పేరు రాయొచ్చు. సన్నటి పొడిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ 9,500. ముందు జాలీని ఆదివారం ఆదివారం దులపకపోతే రెండు వారాలకే గాలి లాగదు. గ్రేకు వారానికి మూడుసార్లు మామూలు నీళ్లు స్ప్రే చేస్తే సగం తగ్గుతుంది. మకావ్ అనే పెద్ద పంచవన్నెల చిలుక ఉన్న ఇంటికి గ్రేను తేవొద్దని డాక్టర్లు చెప్పేది ఈ పొడి వల్లే. మకావ్ ఊపిరితిత్తులకు అది పడదు.

మార్చి 16 నుంచి బయటికి వదలడం మొదలుపెట్టాం. గ్రే బయట ఉంటే మిగతావి లోపల. జామ కొమ్మతో చేసిన స్టాండు దాని చోటు. మూడో రోజే ఎగిరి కాకటీల్ పంజరం పైన దిగింది. లోపలి పిట్ట పైకప్పు కమ్మీలకు వేలాడుతుంది, వేళ్లు బయటికి ఉంటాయి, గ్రే కొరికేయొచ్చు. ఆ రాత్రే పంజరం పైన అంగుళం ఎత్తు దిమ్మలు పెట్టి, వాటి మీద ప్లైవుడ్ ముక్క వేశాం. అటు వైపు అంత జాగ్రత్త పడ్డాం. ఇటు వైపు తట్టలేదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి. కాకటీల్స్ బయట ఉన్నాయి, గ్రే లోపల, తలుపు గడియ వేసి ఉంది. నేను వంటింట్లో పానకంలో మిరియాలు దంచి వేస్తున్నా. ఒక్క కీచుమన్న అరుపు. మగ కాకటీల్ గ్రే పంజరం మీద దిగింది, లోపల నుంచి గ్రే కొరికింది. ఎడమ కాలు బయటి వేలు చివర, గోరుతో సహా లేదు. తొంభై గ్రాముల పిట్టలో రక్తం మొత్తం తొమ్మిది మిల్లీలీటర్లు, అందులో ఒక మిల్లీలీటరు దాకా పోతే తట్టుకుంటుంది, ఆ పైన ప్రమాదం. టైల్స్ మీద చుక్కలు లెక్కపెట్టాను, పన్నెండు. కార్న్‌ఫ్లోర్ అద్ది, దెబ్బలకు కట్టే పలచటి గాజ్ గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టాను, రొమ్ము మాత్రం నొక్కకూడదు, పిట్ట ఊపిరి రొమ్ము కదిలితేనే ఆడుతుంది. చెప్పుల పెట్టెలో తువ్వాలు పరిచి, చీకటి చేసి, గంటలోపు డాక్టర్ దగ్గరికి. నొప్పి మందు, కట్టు, 1,400. మన ఇంట్లో ఉండే నొప్పి మాత్ర గోటి మీదంత కూడా వేయొద్దన్నారు. మానడానికి మూడు వారాలు పట్టింది. కొన్నాళ్లు కర్ర మీద ఒరిగి ఒరిగి నిలబడేది.

ఇంటిల్లిపాదికీ గ్రే మీద కోపం వచ్చింది, నాకు కూడా. కానీ అది దాని పంజరం, పైన ఎవరో దిగారు. స్టాండు మీద ఉన్నప్పుడు ఇదే కాకటీల్ పక్క నుంచి ఎగిరిపోయినా తల తిప్పి చూసి ఊరుకునేది. అందుకని శిక్షించలేదు, ఏర్పాటు మార్చాం. కాకటీల్స్ బయటికి వచ్చే వేళ గ్రే పంజరం మీద పైనా, రెండు పక్కలా మందపాటి గుడ్డ, ముందు వైపు తెరిచి ఉంటుంది. జారిపోయే గుడ్డ మీద కాకటీల్ దిగదు. గ్రే గడియను ముక్కుతో తీయడం ఏప్రిల్ చివరికి నేర్చుకుంది కాబట్టి దానికి కారాబైనర్ కొక్కెం, 120 రూపాయలు. తలుపులన్నిటికీ కలిపి ఒకటే ఎర్ర క్లిప్పు ఉంటుంది: క్లిప్పు ఎవరి పంజరం మీద ఉంటే వాళ్లే బయట. పిల్లలకు కూడా అర్థమయ్యే రూలు అదొక్కటే.

వేళలు ఇలా కుదిరాయి. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర కాకటీల్స్, ఆ తర్వాత ముప్పావు గంట గ్రే. సాయంత్రం ఆరింటికి మళ్లీ గ్రే, ఏడింటికి కాకటీల్స్. బడ్జీలు బయటికి వచ్చేది గ్రే పడగ్గదిలో ఉన్నప్పుడు మాత్రమే, అవి ఏ గుడ్డ మీదైనా దిగుతాయి. మేత పెట్టడం, పలకరించడం ఎప్పుడూ పాతవాటితో మొదలు. గ్రే చూస్తుండగా కాకటీల్‌ని భుజం మీద ఎక్కించుకుంటే మాత్రం తర్వాత నా చేయి కొరుకుతుంది, ఆ పని పక్క గదిలో చేస్తా. మే 15న తూచాను: మగది 95, ఆడది 92, జబ్బు చేసిన బడ్జీ 36, గ్రే 431.

ఒక్క ఇబ్బంది మిగిలింది. శ్రీరామనవమి రోజు కాకటీల్ పెట్టిన ఆ అరుపును గ్రే అచ్చంగా దించేసింది. రోజుకు రెండు మూడుసార్లు వినిపిస్తుంది, ఎక్కువగా నేను వంటింట్లో ఉన్నప్పుడు. మొదట్లో గరిటె వదిలేసి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు తలుపు దగ్గర నుంచి ముందు గ్రేనే చూస్తాను. తల వంచి, గోకమని మెడ ఈకలు లేపి కూర్చుని ఉంటే అరిచింది అదే.